నోటు తిరగరాయడం

డొంకరాయిలో ఫోన్ సరిగ్గా వినపడాలంటే మా ఇంట్లోంచి బయటికొచ్చి డ్యాం వైపు కొంచెం నడవాలి. నాన్నని విశాఖపట్నం ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన మూడో రోజు అలా నడుస్తుంటే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మంచి తెలుగు. ఉత్తరాంధ్ర యాస కొద్దిగా తగులుతోంది. వేరే బ్యాంకు కార్డు మీద బాకీ ఏమైనా ఉందా సార్ అంది. ఉందన్నాను. ఎంత సార్ అంది. అరవై వేలు అన్నాను. ఆస్పత్రిలో చేతిలో డబ్బు అయిపోయాక గీకిన కార్డు అది.

"అది మా కార్డు మీదకి మార్చేసుకోండి సార్. అరవై రోజులు సున్నా వడ్డీ. ఒక్క రూపాయి వడ్డీ కట్టక్కర్లేదు."

షరతులేమిటి అని అడిగాను. అడగలేదని కాదు. లింకు పంపించాం సార్, చూసుకోండి అంది. లింకు నొక్కాను. తెల్లటి పేజీ, మధ్యలో తిరుగుతున్న చక్రం. అది తిరుగుతుండగానే ఓటీపీ వచ్చింది. ఓటీపీకి ఒక్క గీత సిగ్నల్ చాలు. షరతులకి నాలుగు గీతలు కావాలి. సీలేరు పక్కన ఆ రోజు నాకు దొరికింది ఒక్క గీతే. చెప్పేశాను.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అయితే రాయను. తెలివితక్కువతనాలు ఎవరివి వాళ్ళు దాచుకుంటారు. కానీ హైదరాబాద్ వచ్చాక ఒక రాత్రి నలుగురు స్నేహితుల ముందు ఈ సంగతి నోరు జారాను. నలుగురిలో ముగ్గురికి ఇలాంటిదే ఉంది. ముగ్గురూ చదువుకున్నవాళ్ళు, పుస్తకాలు కొనేవాళ్ళు, ఈ పత్రిక చదివేవాళ్ళు. మేం నెలకోసారి కలిసి కవిత్వం గురించి పోట్లాడుకుంటాం. ఒకరి బాకీ ఒకరికి తెలియదు. నేను చదివిన తెలుగు కథల్లో అప్పు అంటే రైతు అప్పు, కూలివాడి అప్పు, కూతురి పెళ్ళి అప్పు. క్రెడిట్ కార్డు బిల్లు తెరిచి మూసేసే మనిషి ఎక్కడా పెద్దగా తగల్లేదు. మనం ఇతరుల అప్పుల గురించి కథలు రాస్తాం. మన అప్పుల గురించి ఓటీపీ చెప్తాం.

*

ముందు లెక్క చెప్తాను. లెక్క లేకుండా కోపం తెచ్చుకుంటే అది వట్టి సణుగుడు.

మన ఊళ్ళలో వడ్డీ చెప్పడానికి ఒక పద్ధతుంది. "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకి రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం. "మూడు రూపాయల వడ్డీ" అంటే 36. బడికి వెళ్ళని మా నాయనమ్మ కూడా ఈ భాషలో బ్యాంకు మేనేజర్ కంటే వేగంగా లెక్క కట్టేది. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చాడంటే ఆ ఇల్లు మునిగిందనే అర్థం. ఈ లెక్క చెప్పగానే చెవికి తగులుతుంది. శాతాలు అలా తగలవు.

ఇప్పుడు నా "సున్నా" ని ఈ భాషలోకి మారుద్దాం. 60,000 బదిలీకి ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, అంటే 1,200. దాని మీద జీఎస్టీ 18 శాతం, 216. మొత్తం 1,416. ఇది మొదటి బిల్లులోనే పడింది. అరవై రోజులకి అరవై వేల మీద 1,416 అంటే నూటికి నెలకి రూపాయి పద్దెనిమిది పైసలు. ఏడాదికి 14 శాతం పైన. అదీ ముందే పట్టుకుని. వారం వడ్డీకి ఇచ్చేవాడు పదివేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడితే మనం వాడిని ఏమంటామో మీకు తెలుసు. ఇక్కడ దానికి ఫీజు అని పేరు. ఫీజు వడ్డీ కాదు కాబట్టి వడ్డీ సున్నానే. అబద్ధం ఎక్కడా లేదు.

ఆ అమ్మాయి "మినిమమ్ కడితే చాలు సార్" అంది. మినిమమ్ కట్టాను. మందులకీ సరుకులకీ కలిపి కొత్త కార్డు మీద తొమ్మిది వేలు గీకాను. కార్డు కొనుగోళ్ళకి నలభై యాభై రోజుల దాకా వడ్డీ ఉండదనే కదా మనందరం అనుకునేది. కానీ బిల్లు పూర్తిగా కట్టకుండా పాత బాకీ మిగిలుంటే కొత్త కొనుగోళ్ళకి ఆ వెసులుబాటు ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ. బదిలీ అయి వచ్చిన అరవై వేలూ ఆ కార్డు మీద బాకీయే కదా. అంటే సున్నా వడ్డీ బాకీ పక్కన కొన్న ప్రతి బియ్యపు బస్తాకీ పూర్తి వడ్డీ. రెండో బిల్లులో ఆ తొమ్మిది వేల మీద వడ్డీ, జీఎస్టీ కలిపి 314 రూపాయలు. చిన్న మొత్తమే. దోమ కుట్టినట్టు.

అరవై రోజులు దాటాయి. ఆ తేదీ నాకు ఎవరూ గుర్తు చేయలేదు. ఇదే బ్యాంకు నా పుట్టినరోజుని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. మూడో బిల్లులో మిగిలిన బాకీ మొత్తం మీద నెలకి 3.6 శాతం పడింది. కార్డు వడ్డీ మీద కూడా 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఇంటి అప్పు వడ్డీ మీద, పంట రుణం వడ్డీ మీద ఆ పన్ను లేదు, కార్డు వడ్డీకి ఉంది. రెండూ కలిపితే నూటికి నెలకి నాలుగు రూపాయల పాతిక పైసలు. ఆ ఒక్క నెలకి 2,676 రూపాయలు.

వెంటనే ఇంకో మెసేజ్. మీ బాకీని సులభ వాయిదాలుగా మార్చుకోండి, నెలకి ఒక్క శాతమే. భయంలో ఉన్నవాడికి ఒక్క శాతం అంటే దేవుడు కనపడినట్టుంటుంది. అరవై వేలు, పన్నెండు నెలలు, నెలకి 600 చొప్పున 7,200 వడ్డీ. ఇందులో మెలిక ఏమిటంటే నెలనెలా అసలు తరిగిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అరవై వేల మీదే లెక్క కట్టారు. పదకొండో నెలలో నా దగ్గర మిగిలింది పదివేల చిల్లర అసలు. దానికీ 600 వడ్డీ. తరిగే అసలు మీద లెక్క కడితే అది ఒక్క శాతం కాదు, 1.79. ఏడాదికి 12 అనిపించేది నిజానికి 21 దాటింది. వడ్డీ మీద జీఎస్టీ 1,296 కూడా కలిపితే నూటికి నెలకి రెండు రూపాయల పది పైసలు.

మొత్తం కూడండి. 1,416, 314, 2,676, 8,496. పన్నెండు వేల తొమ్మిది వందల రెండు రూపాయలు. ఇదీ నా సున్నా ఖరీదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. అరవై రోజుల్లో అరవై వేలూ కట్టేయగలిగి, ఆ రెండు నెలలు కొత్త కార్డుని అసలు ముట్టుకోకుండా ఉంటే ఈ బదిలీ లాభమే. పాత కార్డు మీద అవే అరవై రోజులకి ఐదువేలు అయ్యేది, ఇక్కడ 1,416తో పోతుంది. పనిముట్టుగా అది చెడ్డది కాదు. కానీ అరవై రోజుల్లో అరవై వేలు కట్టగలిగినవాడికి అరవై వేల బాకీ ఎందుకుంటుంది? ఈ ప్రకటన ఎవరి కోసం లాభమో వాళ్ళకి అవసరం లేదు. ఎవరికి అవసరమో వాళ్ళకి లాభం లేదు. ఆ రెండోవాళ్ళ మీదే ఈ వ్యాపారం నడుస్తుంది.

*

బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అనే మాటకి తెలుగు ఏమిటని ఆలోచించాను. బాకీ బదిలీ అంటారు పత్రికల్లో. కానీ మన జనానికి దీనికి ఎప్పటి నుంచో ఒక మాట ఉంది. నోటు తిరగరాయడం.

ప్రామిసరీ నోటుకి మూడేళ్ళ గడువు. గడువు దాటేలోగా, అసలుకి వడ్డీ కలిపి, ఆ మొత్తాన్ని కొత్త అసలుగా చూపిస్తూ కొత్త నోటు రాయించుకుంటారు. పాత నోటు చించేస్తారు. చించేటప్పుడు అప్పు తీరిపోయినట్టే అనిపిస్తుంది.

ఈ పని నాకు బాగా తెలుసు. నేను చేశాను కాబట్టి.

డ్యాం కడుతున్న రోజుల్లో మా తాత కింద మైదానం నుంచి డొంకరాయి వచ్చి కొట్టు పెట్టాడు. కూలీలకి సరుకులు అమ్మాడు. డ్యాం పని అయిపోయింది, కూలీలు వెళ్ళిపోయారు, తాత ఉండిపోయాడు. చుట్టుపక్కల గూడేల నుంచి కొండరెడ్లు, కోయలు వచ్చేవాళ్ళు. వానల్లో ఉప్పు, కిరసనాయిలు, బియ్యం ఖాతాకి తీసుకెళ్ళేవాళ్ళు. ఎండాకాలం మొదట్లో చింతపండు తెచ్చేవాళ్ళు. కొండచీపుర్లు, అడ్డాకులు, తేనె. ధర తాత చెప్పేవాడు. లెక్క తాత చెప్పేవాడు. నాన్నకి ఇది నచ్చేది కాదు, ఆయన పవర్‌హౌస్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. నా దస్తూరీ బావుంటుందని తాత ఖాతా పుస్తకం నాకిచ్చేవాడు. పన్నెండేళ్ళ వయసులో నేను రాసిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది. "పాత బాకీ కొత్త పేజీకి." కింద అంకె. దాని పక్కన ఒక ముసలాయన వేలిముద్ర.

ఆయన ప్రతిసారీ అడిగేవాడు. "ఎంతయ్యింది షావుకారూ?"

తాత కసురుకునేవాడు కాదు. అబద్ధం చెప్పేవాడు కాదు. నవ్వేవాడు. "చూసుకుందాంలే. నువ్వెక్కడికి పోతావు, నేనెక్కడికి పోతాను?"

అంకె అక్కడే ఉంది. పేజీలో, నల్ల సిరాతో, నా చక్కటి దస్తూరీలో. ఆయన చూడాలంటే చూడొచ్చు. ఎవరూ దాచలేదు. ఆయనకి చదవడం రాదు, అంతే. నాకు చదవడం వచ్చు. నేనెప్పుడూ పైకి చదివి వినిపించలేదు.

చాలా ఏళ్ళ తర్వాత డ్యాం రోడ్డు మీద ఫోన్ పట్టుకుని, "షరతులు లింకులో ఉన్నాయి సార్" అన్న మాట విన్నప్పుడు ఈ పేజీ గుర్తు రాలేదు. మూడో బిల్లు చూశాకే గుర్తొచ్చింది. అందుకే ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె తెర మీద ఉన్నది చదివింది. నెలకి ఇన్ని బదిలీలు చేయించాలని పైనుంచి చెప్పి ఉంటారు. అప్పుడు నా చేతిలో ఉన్న కలమే ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న హెడ్‌సెట్. నా కోపం కొట్టు యజమాని మీద.

*

ఈ కొండలకి ఈ విషయంలో చరిత్ర ఉంది. అల్లూరి కంటే నలభై మూడేళ్ళ ముందు, 1879లో, రంప పితూరీ జరిగింది. ముఠాదారు వ్యవస్థ, కల్లు మీద పన్ను, పోలీసుల వసూళ్ళు కారణాలని చెప్తారు. వాటితో పాటు ఇంకో కారణాన్ని బ్రిటిష్ అధికారులే రాసుకున్నారు. మైదానం వర్తకులు కొండవాళ్ళతో వాళ్ళకి అర్థం కాని ఒప్పందాలు చేయించుకోవడం, దూరంగా ఎక్కడో ఉన్న సివిలు కోర్టుకి వెళ్ళి ప్రతివాది లేకుండానే డిక్రీ తెచ్చుకోవడం, ఆ కాగితం చూపించి పశువుల్నీ సామాన్నీ పట్టుకుపోవడం. కాగితం సక్రమంగానే ఉండేది. ఒప్పందం ఒప్పందమే. అందులో ఏముందో ఒక పక్షానికే తెలుసు.

1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకి ఒక చట్టం చేసింది. ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం. ఆ రెండో సగం, అంటే భూమి సంగతి, తర్వాత 1959 నిబంధనగా, 1/70గా మారి మనందరికీ తెలిసింది. మొదటి సగాన్ని ఎవరూ తలుచుకోరు. అందులో ఉన్నది ఇదీ. కొండజాతి మనిషి అప్పు మీద ఏడాదికి 24 శాతం కంటే ఎక్కువ వడ్డీ ఏ కోర్టూ ఇప్పించకూడదు. చక్రవడ్డీ కుదరదు. వడ్డీ కాకుండా పక్క నుంచి ఇంకే లాభం లాక్కోవడమూ కుదరదు. మొత్తం వడ్డీ ఎంత పెరిగినా అసలుని మించకూడదు.

మన భాషలో రెండు రూపాయల వడ్డీ. అంతకు మించితే చెల్లదు. ప్రాసెసింగ్ ఫీజులు చెల్లవు.

అది తెల్లదొర దయ అని నేననడం లేదు. పితూరీలు ఖర్చు కాబట్టి చేశారు. చట్టం చేసినంత మాత్రాన అప్పులు ఆగలేదు కూడా. 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల నిబంధన వచ్చింది, లైసెన్సు ఉండాలంది. అంతకుముందే 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది, డిపోల్లో సరుకులు అమ్మి అటవీ ఫలసాయం కొనడానికి. మా తాతకి లైసెన్సు లేదు. అడిగినవాడూ లేడు. అయినా ఆ చట్టంలో ఒక తెలివి ఉంది. చదవడం రానివాడికి కాగితం చూపించి "చెప్పాం కదా" అనడం న్యాయం కాదని అది ఒప్పుకుంది. చెప్పడం మీద ఆధారపడకుండా వడ్డీకి కట్ట కట్టింది.

ఇప్పుడు 1984కి రండి. బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 21ఏ అనే సెక్షను చేర్చారు. బ్యాంకు వసూలు చేసిన వడ్డీ మరీ ఎక్కువన్న కారణంతో కోర్టులు ఆ లెక్కని తిరగదోడకూడదు. 1917 చట్టం కోర్టుతో ఇంతకు మించి ఇప్పించొద్దంది. 1984 చట్టం కోర్టుతో ఎంతైనా అడగొద్దంది.

2008 జులైలో జాతీయ వినియోగదారుల కమిషన్ కార్డు బాకీల మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ పట్టడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని తీర్పు చెప్పింది. బ్యాంకులు సుప్రీం కోర్టుకి వెళ్ళాయి, స్టే వచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీం కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. వడ్డీ సంగతి రిజర్వు బ్యాంకు చూసుకోవాలి, కమిషన్ ఒప్పందాన్ని తిరగరాయకూడదు, పైగా కార్డుదారులకి వాళ్ళ హక్కులూ బాధ్యతలూ ముందే తెలియజేస్తున్నారు అన్నది ఆ తీర్పు సారం.

ముందే తెలియజేస్తున్నారు. ఈ మాట దగ్గరే నాకు పేచీ.

*

రిజర్వు బ్యాంకు ఏమీ చేయలేదని చెప్తే అబద్ధం. 2013 సెప్టెంబరులోనే సున్నా శాతం వాయిదాల పథకాల గురించి బ్యాంకుల్ని మందలించింది. సున్నా వడ్డీ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో వసూలు చేస్తున్నారని చెప్పింది. 2022 ఏప్రిల్‌లో కార్డుల మీద పెద్ద నిర్దేశాలిచ్చింది. వాటి ప్రకారం బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్‌కి వార్షిక రేటు వేరే అయితే వేరేగా చూపించాలి. ముఖ్యమైన షరతులు కనీసం ఇంత సైజు అక్షరాల్లో ఉండాలి. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే ఏళ్ళు పడుతుందని బిల్లు మీద హెచ్చరిక ఉండాలి. వాయిదాల్లోని వడ్డీని సున్నా ఖర్చుగా వేషం వేయించకూడదు. చెల్లించని ఫీజుల్నీ పన్నుల్నీ అసలులో కలిపి వాటి మీద వడ్డీ వేయకూడదు.

ఇన్ని ఉన్నాక కూడా నేనెలా పడ్డాను? అవన్నీ కాగితం మీద ఉన్నాయి. నేను ఫోన్‌లో పడ్డాను.

షరతులు కార్డుదారుడికి అర్థమయ్యే సరళమైన భాషలో, వీలైతే ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషల్లో ఉండాలని కూడా ఆ నిర్దేశాల్లో ఉంది. "వీలైతే" అన్న ఆ ఒక్క మాట గురించి సాహిత్యం చదివేవాళ్ళతో కాకపోతే ఎవరితో మాట్లాడాలి? నాకు వచ్చిన ఫోను తెలుగులో వచ్చింది. పండగ ఆఫర్ మెసేజ్ తెలుగులో వస్తుంది. ఊళ్ళో హోర్డింగు తెలుగులో ఉంటుంది. బాకీ కట్టమని బెదిరించే ఫోను అయితే చాలా మంచి తెలుగులో వస్తుంది. మధ్యలో ఒక్క షరతుల కాగితం మాత్రం ఇంగ్లీషులో. వల వేయడానికి తెలుగు వీలవుతుంది, లాగడానికి తెలుగు వీలవుతుంది, వల కన్ను ఎంతుందో చెప్పడానికి మాత్రం వీలు కాదు.

మీకు ఇంగ్లీషు వచ్చు కదా అంటారు. వచ్చు. ఆ షరతులు తర్వాత చదివాను కూడా. సిగ్నల్ ఉన్నచోట, టీ తాగుతూ, రెండుసార్లు. "సాధారణ రేటు వర్తించును" అనే అర్థమొచ్చే వాక్యం ఉంది. సాధారణ రేటు ఎంతో ఆ పేజీలో లేదు, ఇంకో పట్టికలో ఉంది. ఆ పట్టికలో శాతం ఉంది, జీఎస్టీ కింద చుక్క గుర్తు దగ్గర ఉంది. నా అరవై వేలకి నెలకి ఎన్ని రూపాయలో ఎక్కడా లేదు. ఆ లెక్క వాళ్ళ కంప్యూటరుకి క్షణం పని. బిల్లులో పైసలతో సహా వేయగలిగిన అంకెని ఓటీపీకి ముందు చెప్పలేరా? ఇది మరుపు కాదు. మా తాత నవ్వు లాంటిది.

ఎవరూ బలవంతం చేయలేదు కదా అంటారు. నిజం. ఆ ముసలాయన చేత కూడా ఎవరూ బలవంతంగా వేలిముద్ర వేయించలేదు. ఇంట్లో బియ్యం లేవు, అంతే. తాకట్టు లేని అప్పు కాబట్టి వడ్డీ ఎక్కువుంటుంది అంటారు. ఉండొచ్చు. ఎక్కువని చెప్పి అమ్మండి. నాలుగు పావలా వడ్డీకి డబ్బిస్తాం రండి అని హోర్డింగు పెట్టండి. ఎవరొస్తారో చూద్దాం.

బయట దేశాల్లో కూడా బ్యాంకులు పుణ్యాత్ములేం కాదు. అయినా అమెరికాలో 2009 నాటి కార్డు చట్టం ప్రకారం ఇలాంటి పరిచయ రేటు పెడితే కనీసం ఆరు నెలలుండాలి. అరవై రోజుల ఎర అక్కడ కుదరదు. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే నీ బాకీ తీరడానికి ఎన్నేళ్ళు పడుతుంది, మొత్తం ఎంత కడతావు అన్నది ప్రతి బిల్లు మీదా అంకెల్లో ఉండాలి. ఊరికే హెచ్చరిక వాక్యం కాదు, నీ అంకె. సిగరెట్ పెట్టె మీద బొమ్మకీ, డాక్టరు నీ ఎక్స్‌రే చూపించడానికీ ఉన్నంత తేడా అది.

అంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల ఆగడాల మీద మన రాష్ట్రమే ఆర్డినెన్సు తెచ్చింది. వడ్డీ అసలుని మించకూడదంది. 1917 నాటి మాటే. వడ్డీ రేటు ఆఫీసులో అందరికీ కనపడేలా రాసి పెట్టాలంది. అంటే ఈ నేలకి ఈ సంగతి తెలుసు. కొండవాడి విషయంలో తెలుసు, పొదుపు సంఘం ఆడవాళ్ళ విషయంలో తెలుసు. చదువుకున్నవాడి దగ్గరికి వచ్చేసరికి, వాడికి తెలుసు కదా అని వదిలేస్తోంది. చదువు వస్తే లెక్క వచ్చేస్తుందన్నది మన కాలపు పెద్ద మూఢనమ్మకం. మనకది గర్వంగా కూడా ఉంటుంది. అందుకే మోసపోయామని చెప్పం.

నేనడిగేది పెద్దదేం కాదు. ఏ భాషలో అమ్ముతారో ఆ భాషలోనే ఖరీదు చెప్పండి. ఫీజూ, పన్నూ అన్నీ కలిపి నూటికి నెలకి ఎన్ని రూపాయలో ఓటీపీ అడిగే ముందు నోటితో చెప్పండి. ఫలానా తేదీ దాటితే నెలకి ఇన్ని రూపాయలు పడుతుందని ఆ తేదీకి పది రోజుల ముందు గుర్తు చేయండి. ఫీజు ఉన్నచోట సున్నా అనే మాట వాడకండి. చివరిది చెప్పడంతో తీరేది కాదు, చట్టంతో తీరాల్సింది. వడ్డీ అసలుని మించకూడదన్న 1917 నాటి గీతని నగరానికి కూడా గీయండి.

మనం చేయగలిగింది ఒకటుంది. మన అంకె మనం పైకి చదవడం. నేను చదివాను. 12,902.

*

పోయిన నెల డొంకరాయి వెళ్ళినప్పుడు అటక మీద తాత ఖాతా పుస్తకం దొరికింది. చివర్లో ఖాళీ పేజీలున్నాయి. ఒక పేజీలో నా కార్డు లెక్కంతా రాశాను, పాత దస్తూరీలోనే. తేదీలు, ఫీజు, పన్ను, నూటికి ఇన్ని రూపాయలని. నాన్న కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు.

"నాలుగు పావలా వడ్డీయా?" అన్నాడు. "మీ తాత కూడా మూడు రూపాయలు దాటలేదురా."

కాసేపాగి మళ్ళీ అడిగాడు. "ఇదంతా వాళ్ళు నీకు ముందే చెప్పారా?"

"చెప్పారు నాన్నా. ఇంగ్లీషులో. లింకులో."

పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

"అయితే చెప్పలేదన్నమాట."